మన నౌకాదళపు బ్యాండు

ఆగస్టు 15వ తేదీ ఉదయమునను, జనవరి 26వ తేదీ ఉదయమునను గ్రామ గ్రామమున పంచాయతీ కార్యాలయము ముందు జాతీయ పతాకము ఎగురును. సర్పంచిగారు తాడు లాగుదురు. మడతలలోని బంతిపూలు రాలును. పాఠశాల బాలబాలికలు జనగణమన అందుకొందురు. అంతవరకు బాగుగనే ఉండును. కాని పాట ఎప్పుడు మొదలగునో ముందుగ తెలియనందున, వెనుక బల్లలపై కూర్చున్నవారు లేచి, సర్దుకొని నిలుచునప్పటికి గీతము సగము పూర్తియగుట మనమందరము చూచుచున్నదే. ధ్వనివర్ధకములో రికార్డు పెట్టిన చోట ఈ తొట్రుపాటు మరికొంత ఎక్కువ.

ఈ చిక్కునకు ప్రభుత్వపు ఉత్తరువులలోనే విరుగుడు ఉన్నది. బ్యాండు జాతీయగీతమును వాయించు సందర్భమున, గీతమునకు ముందు డ్రమ్ములు మ్రోగవలెను. నెమ్మది కవాతులో ఏడు అడుగులు వేయుటకు ఎంత కాలము పట్టునో అంత కాలము ఆ మ్రోత సాగవలెను. మెల్లగ ప్రారంభమై, క్రమముగ హెచ్చి, ఎంత బిగ్గరగ మ్రోగగలదో అంత బిగ్గరగ మ్రోగి, మరల తగ్గుచు, ఏడవ దెబ్బ వరకు వినబడుచునే ఉండవలెను. పిమ్మట ఒక్క దెబ్బ కాలము నిశ్శబ్దము. అప్పుడు గీతము. ఆ ఏడడుగుల వ్యవధిలో సభ అంతయు లేచి నిలుచును. "లేవండి, లేవండి" అని ఎవరును కేకవేయ నక్కరలేదు.

మాటతో చెప్పవలసిన దానిని ధ్వనితో చెప్పుటయే సైనిక వాద్యబృందము యొక్క మొదటి పని. వేడుక, వినోదము ఆ తరువాత వచ్చి చేరినవి. త్రివిధ దళములలోను బ్యాండులు ఉన్నవి గాని, ఈ సంగతి మిక్కిలి స్పష్టముగ కనబడునది నౌకాదళములోనే. ఏలయనగా ఓడపై మాట వినబడదు.

యుద్ధనౌక పైతట్టున గాలి హోరు, కెరటముల చప్పుడు, యంత్రముల మ్రోత ఎడతెగక ఉండును. అచ్చట మనిషి గొంతు పది బారల దూరము పోవుట కష్టము. అందువలన తెరచాప ఓడల కాలము నుండియు నావికులకు ఆజ్ఞలను ఈలతో అందించుట ఆచారమైనది. దీనిని బోసన్ ఈల అందురు. అరచేతిలో ఇమిడిపోవు ఈ లోహపు ఈలకు ఒక సన్నని గొట్టము, దాని చివర రంధ్రము గల చిన్న గుండు ఉండును. గొట్టములో ఊదిన గాలి ఆ రంధ్రపు అంచునకు తగిలి పలుకును. వ్రేళ్లు తెరచి ఊదిన ఒక స్వరము. గుండుపైకి వ్రేళ్లు ముడిచి ఊదిన మరొక హెచ్చు స్వరము. ఉన్నవి ఈ రెండే. అయినను వానిని సాగదీసియు, వణికించియు, త్రుంచియు భోజనవేళ మొదలు తాడు లాగుట వరకు అనేక ఆజ్ఞలను తెలుపుదురు. పసులకాపరి ఒక ఈలతో మందను మళ్లించి, మరొక ఈలతో తప్పిపోయిన దూడను పిలుచుట చూచినవారికి ఇది వింతగ తోచదు.

నేడు ఓడలలో ధ్వనివర్ధకములు వచ్చినవి. అయినను ఈల పోలేదు. అది గౌరవ చిహ్నముగ నిలిచినది. ఉన్నతాధికారి ఓడపై పాదము మోపునప్పుడు నావికులు వరుసగ నిలిచి ఈల ఊదుదురు. దీని పుట్టుకను గూర్చి నౌకాదళమువారు చెప్పుకొను కథ సరసముగ ఉన్నది. పూర్వము సముద్రము పొంగుగ ఉన్నపుడు పెద్ద అధికారులను చిన్న పడవలోనుండి ఒక పీటపై కూర్చుండబెట్టి త్రాళ్లతో పైకి లాగెడివారట. "లాగుడు, ఆపుడు, మెల్లగ దించుడు" అను ఆజ్ఞలు ఈలతోనే ఇచ్చెడివారు. పీట పోయినది, త్రాళ్లు పోయినవి, ఈల మాత్రము మర్యాదగ మిగిలినది. పెండ్లిలో మనము పాటించు మర్యాదలు కొన్నియు ఈ తీరుననే మిగిలినవేమో!

ఈల తరువాతది బ్యూగిలు. ఇది మన కొమ్ముబూరకు దగ్గరి చుట్టము. దీనికి మీటలు లేవు, రంధ్రములు లేవు. పెదవుల బిగింపును బట్టి మాత్రమే స్వరము మారును. అట్టి గొట్టములో ప్రకృతి సిద్ధముగ పలుకునవి షడ్జము, పంచమము, పై షడ్జము, గాంధారము, పై పంచమము, ఈ ఐదే. మన లెక్కలో స, గ, ప అను మూడు స్వరములే వేరు వేరు స్థాయిలలో వచ్చుచున్నవన్నమాట. ఇంత తక్కువ సొమ్ముతో మేలుకొలుపు వేరు, భోజనపు పిలుపు వేరు, మరణించిన వీరులకు అర్పించు తుది వందనము వేరు. తేడా అంతయు నడకలో, నిడివిలో ఉన్నది. రాగజ్ఞానము లేని వాడును వానిని గుర్తింపగలడు. గుర్తింపవలెననియే అవి ఏర్పడినవి.

ఇక బ్యాండు. మన నౌకాదళపు బ్యాండు 1945లో, అనగా రాయల్ ఇండియన్ నేవీ అను పేరు ఉన్న కాలములో, 50 మంది వాద్యకారులతో ఏర్పడినది. 1950 జనవరి 26న దేశము గణతంత్రమైన నాడు ఆ పేరులోని "రాయల్" అను మాట పోయి భారత నౌకాదళమైనది. పేరు మార్చుట ఒక దినపు పని. కాని వాద్యములు, వాయించు పద్ధతి, వాయించు బాణీలు ఇంగ్లీషువారి నుండి వచ్చినవి. వానిని మనవిగ చేసికొనుటకు ఎంతో కాలము పట్టినది. ఆ పని ఇంకను సాగుచునే ఉన్నది.

వాద్యములను గూర్చి గ్రామస్థులకు ఎక్కువ చెప్ప నక్కరలేదు. పెండ్లి ఊరేగింపులలోని బ్యాండు మేళము ఈ సైనిక బ్యాండునకు బిడ్డయే. క్లారినెట్టు, ట్రంపెట్టు, శాక్సొఫోను, సైడు డ్రమ్ము, పెద్ద డ్రమ్ము మనకు పరిచితములే. నౌకాదళపు బ్యాండులో వీనితోపాటు ఫ్లూటు, ఓబో, ఫ్రెంచి హారను, ట్రాంబోను, యుఫోనియము, భుజము చుట్టు చుట్టుకొని తలపైన విచ్చుకొను పెద్ద ఇత్తడి సూసాఫోను మొదలగునవి ఉండును. ఓబో మన సన్నాయి వలెనే రెండు పీకలు కలిపి ఊదునది. డ్రమ్ముల విషయములో ఒక చిన్న సంగతి. తోలు వాద్యము తేమకు వదులగును. మన డప్పు కళాకారులు మంట చూపి బిగింతురు. ఓడపై మంట వేయు వీలు లేదు, తేమకు కొదవ లేదు. కనుక నేటి డ్రమ్ములకు ప్లాస్టికు పొరలు వాడుదురు. ఉప్పుగాలికి ఇత్తడి నల్లబడును, మీటలు బిగిసికొనును. అందువలన వాద్యమును తుడిచి నూనె పెట్టుట వాద్యకారుని దినచర్యలో భాగము.

కవాతులో బ్యాండు చేయు మేలు ఏమి? సాధారణముగ కవాతు వేగము నిమిషమునకు 120 అడుగులు, అనగా అర సెకనుకు ఒక అడుగు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణించును. బ్యాండునకు 85 మీటర్ల వెనుక నడచువానికి డ్రమ్ము దెబ్బ పావు సెకను ఆలస్యముగ చేరును. పావు సెకను అనగా సగము అడుగు! వాడు విన్నదానిని బట్టి అడుగు వేసినచో ముందువాని కాలు నేలపై ఉండగా వీని కాలు గాలిలో ఉండును. పొడవైన వరుసలలో ఒక్కొక్కపుడు అల వలె వంకర కనబడుటకు కారణము ఇదియే. కావున బ్యాండు నిలుచు చోటు ఆలోచించి నిర్ణయింతురు. ముందున్న వాని భుజమును చూచి నడచుట కూడ నేర్పుదురు. పెద్ద డ్రమ్ముపై బలమైన దెబ్బ ఎడమ పాదముతో పడును. దేవుని ఊరేగింపులో చెక్కభజన బృందము పొడవుగ సాగినపుడు వెనుకవారి తాళము వెనుకబడుట చూచి మనము వారిని మందలింతుము. తప్పు వారిది కాదు, దూరముది.

వీథిలోని బ్యాండు మేళమునకు, నౌకాదళపు బ్యాండునకు అసలు భేదము వాద్యములలో లేదు, కాగితములో ఉన్నది. నౌకాదళములో ప్రతి వాద్యకారుని ముందును అతడు వాయింపవలసిన భాగము ఐదు గీతల స్వరలిపిలో వ్రాసి ఉండును. క్లారినెట్టు పాట నడపుచుండ, హారను వేరొక స్వరము నిలుపును, సూసాఫోను క్రింది స్థాయిలో నడక చెప్పును. అందరు ఒకే పాట వాయించుచు, ఎవరి పాట వారు వాయింతురు. ఒకరు విరమణ పొందిన మరొకరు వచ్చి అదే కాగితము చూచి అదే స్థానమున కూర్చుందురు. మనిషి మారినను సంగీతము మారదు.

మన సంగీతమునకు ఈ లిపితో సంబంధము కొత్తది కాదు. ముత్తుస్వామి దీక్షితులు మదరాసు సెయింటు జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించు బాణీలను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చిరి. దాదాపు 40 ఉన్న ఈ రచనలకు నొట్టుస్వరములని పేరు. బ్రిటిషు రాజు కీర్తిగ పాడు గీతపు వరుసయే దీక్షితుల చేతిలో శ్యామలాదేవి స్తుతియైనది. ఇవి శంకరాభరణ రాగపు స్వరములలో ఉన్నవి. ఎందుకనగా పాశ్చాత్యుల ప్రధాన స్వరశ్రేణికి మన శంకరాభరణము సరిగ సరిపోవును. 1890ల దశకములో మదరాసున ఏ. ఎం. చిన్నస్వామి ముదలియారు త్యాగరాజస్వామి వారి తెలుగు కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయించిరి. ఆ కాగితములు నేటికిని ఉన్నవి.

జాతీయగీతము కథలో కూడ ఇట్టి కాగితము ఒకటి వచ్చును. అది పుట్టినది మన మదనపల్లెలో. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి పాడబడిన జనగణమన, అటుపిమ్మట కొన్ని సంవత్సరములు వంగదేశపు పాటగనే ఉండెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలోని బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి, ప్రిన్సిపాలు జేమ్సు కజిన్సు ఆతిథ్యమున కొన్ని దినములు గడపిరి. అచ్చట తాము దానిని పాడి వినిపించిరి, ఇంగ్లీషులోనికి అనువదించిరి. కజిన్సు గారి భార్య మార్గరెటు కజిన్సు పాశ్చాత్య సంగీతము నేర్చినవారు. ఆమె ఆ బాణీని స్వరలిపిలో వ్రాసిరి. వంగభాష తెలియనివాడు కూడ ఆ వ్రాత చూచి ఆ పాటను వాయించుటకు అప్పుడు వీలుపడినది.

ఈ వీలు ఎంత పనికి వచ్చినదో 1947లో తెలిసినది. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సమావేశమున ఒక సందర్భములో వాద్యబృందము వాయించుటకు భారతదేశపు గీతము ఏదని అడిగిరి. మన ప్రతినిధుల యొద్ద జనగణమన రికార్డు ఉండెను. దానిని ఇచ్చిరి. బృందము అభ్యసించి వాయించెను. అనేక దేశములవారు మెచ్చుకొని ఆ బాణీ ప్రతిని కోరిరి. ఈ వృత్తాంతమును నెహ్రూగారు 1948 ఆగస్టు 25న రాజ్యాంగసభలో చెప్పిరి. నాటి నుండి మన రక్షణదళముల బ్యాండులు, విదేశములలోని మన రాయబార కార్యాలయములు ఆ గీతమును వాడుచు వచ్చినవనియు వివరించిరి. వాద్యబృందములు వాయించుటకు అనువుగ ఉండుట జాతీయగీతపు ఎంపికలో ఒక ముఖ్య విషయముగ నుండెను. వందేమాతరమును కూడ బ్యాండులకు అనువుగ మలచవలెనని మాస్టరు కృష్ణారావు ఫులంబ్రీకరు మిక్కిలి శ్రమపడిరి. తుదకు 1950 జనవరి 24న రాజేంద్రప్రసాదుగారు జనగణమనను జాతీయగీతముగ ప్రకటించుచు, వందేమాతరమునకు సమాన గౌరవము కలదని చెప్పిరి. బ్యాండుపై పూర్తి గీతము సుమారు 52 సెకనులలో ముగియును.

అయినను మన రాగములన్నియు బ్యాండునకు ఇంత సులువుగ లొంగవు. క్లారినెట్టు మీట నొక్కిన పలుకు స్వరము స్థిరమైనది. మన సంగీతములో స్వరము ఊగును, జారును, ప్రక్క స్వరమును తాకి వచ్చును. ఆ గమకమును ఐదు గీతలపై వ్రాయుట కష్టము. వ్రాసినను నలుబదిమంది ఒకే తీరున ఊగించుట మరియు కష్టము. మోహన, హంసధ్వని వంటి రాగములు కొంతవరకు అందును. తోడి, వరాళి బ్యాండుపై వాయించిన రాగము కాక రాగపు అస్థిపంజరము వినబడునని నా అభిప్రాయము. ఇది బ్యాండునకు లోపము కాదు. ఏ పనిముట్టు ఏ పనికో తెలిసికొనుట మంచిది. పారతో పూలమాల కట్టము గదా.

ఈ హద్దులలోనే మన బ్యాండులు తమ బాణీలను క్రమముగ మార్చుకొనుచున్నవి. ప్రతి సంవత్సరము జనవరి 29వ తేదీ సాయంకాలమున ఢిల్లీ విజయ్ చౌకులో మూడు దళముల బ్యాండులు కలసి బీటింగు రిట్రీటు అను ఉత్సవము జరుపును. పూర్వము సూర్యాస్తమయమున యుద్ధము నిలిపి సైనికులను శిబిరములకు పిలుచు డ్రమ్ము దెబ్బ నుండి ఇది పుట్టినది. గాంధీమహాత్మునికి ప్రియమైన ఒక ఇంగ్లీషు భక్తిగీతమును అందు చిరకాలము వాయించిరి. 2022లో దానిని తొలగించి, 1962 యుద్ధమున నేలకొరగిన వీరులను తలచు ఒక హిందీ పాటను చేర్చిరి. దీనిపై భిన్నాభిప్రాయములు వెలువడినవి. 2023లో వాయించిన బాణీలన్నియు మన శాస్త్రీయ రాగములపై ఆధారపడినవే. నౌకాదళము తన వంతున "ఏక్లా చలో రే" తోపాటు తన సొంత కవాతు గీతమగు "జయ భారతి" వినిపించెను. గణతంత్ర దినమున రాజపథమున, నేటి పేరున కర్తవ్యపథమున, నావికుల కవాతునకు తోడుగ వచ్చునదియు "జయ భారతి"యే. ఆ 2022లోనే సెప్టెంబరు 2న నౌకాదళ పతాకము నుండి ఇంగ్లీషువారి నాటి ఎఱ్ఱ శిలువ కూడ తొలగినది.

సంగీత నావికుడు అనగా కేవలము పాటగాడని తలపరాదు. అతడు ముందు నావికుడు. ఒడిశాలోని చిల్కా శిక్షణ కేంద్రమున ఇతర నావికుల వలెనే కవాతు, ఈత, ఆయుధముల వాడుక నేర్చును. ఆపైన ముంబాయి కొలాబాలోని కుంజాలీ నౌకాస్థావరమున ఉన్న సంగీత పాఠశాలలో స్వరలిపి, వాద్యము అభ్యసించును. యుద్ధము వచ్చిన నాడు బ్యాండువారు ఏమి చేయుదురని కొందరు అడుగుదురు. ఇందుకు అమెరికా నౌకాదళపు అనుభవము ఒకటి చాలును. 1941 డిసెంబరు 7న పెర్లు హార్బరుపై జపాను విమానములు దాడి చేయునప్పటికి ఉదయము ఎనిమిది కావచ్చెను. అది పతాకమెత్తు వేళ. నెవాడా అను నౌకపై బ్యాండు జాతీయగీతము ప్రారంభించియుండెను. గుండ్లు కురియుచున్నను వారు గీతమును చివరివరకు వాయించి, పిమ్మట యుద్ధస్థానములకు పరుగెత్తిరి. అరిజోనా నౌకలోని 21 మంది బ్యాండు సభ్యుల యుద్ధస్థానము ఫిరంగుల అడుగున, మందుగుండు పైకి అందించు చోటు. నౌక ప్రేలిపోగా వారిలో ఒక్కరును మిగులలేదు.

మన జిల్లాల యువకులకు ఈ ఉద్యోగపు దారి తెరచియే ఉన్నది. 2022 నుండి నావికుల నియామకము అగ్నివీర్ పద్ధతిపై జరుగుచున్నది. ఆ పద్ధతిలోనే సంగీత విభాగమునకు కూడ ప్రకటనలు వెలువడుచున్నవి. పదవ తరగతి ఉత్తీర్ణత, వాద్యమును వాయించు నేర్పు, శ్రుతిలయ జ్ఞానము, దేహదారుఢ్యము పరీక్షింతురు. వయస్సు, గడువు, ఇతర నిబంధనలు ప్రతి ప్రకటనలోను చూచుకొనవలెను. పెండ్లి బ్యాండులో తండ్రి ప్రక్కన క్లారినెట్టు ఊదు కుర్రవాడు మన ఊరిలో ఉన్నచో, అతడు బడి మానకుండ చూచుట పంచాయతీ సభ్యులు చేయదగిన సహాయము. నేర్పు ఉండియు పదవ తరగతి లేక నిలిచిపోవువారు ఎందరో.

ఆ తండ్రిని గూర్చి కూడ ఒక్క మాట. అతని బాణీలు ఎచ్చటను వ్రాసి లేవు. గ్రామదేవత ఊరేగింపునకు ఒకటి, పెండ్లికుమారుని ఎదురుకోలునకు ఒకటి, శవయాత్రకు ఒకటి అని తాత ముత్తాతల నుండి నోటను, చేతను వచ్చినవి. డప్పు దరువులు కూడ అంతే. నౌకాదళములో ఒకరు పోయిన కాగితము నిలుచును. ఇచ్చట ఒకరు పోయిన పాటయే పోవుచున్నది. ఐదు గీతల లిపి రానక్కరలేదు. సంగీతము తెలిసిన ఉపాధ్యాయుడొకరు సరిగమలలో వ్రాసి, నేటి ఫోనుతో ధ్వని పట్టి, ఏ వాద్యకారుని యొద్ద గ్రహించినదో పేరు వ్రాసి గ్రంథాలయమున ఉంచవచ్చును. ఖర్చు ఒక నోటుపుస్తకము.

నౌకాదళపు బ్యాండును స్వయముగ చూడగోరువారు ఢిల్లీ పోనక్కరలేదు. తూర్పు నౌకాదళ కమాండు 1968లో విశాఖపట్టణమున ఏర్పడినది. 2016 ఫిబ్రవరిలో దాదాపు 50 దేశముల నౌకాదళములు అచ్చటికి వచ్చినపుడు, సముద్రతీరపు దారిలో విదేశీ బ్యాండులు, మన బ్యాండు ప్రజల ముందు కవాతు చేసినవి. డిసెంబరు 4 నౌకాదళ దినము; 1971లో మన నౌకలు కరాచీ రేవుపై దాడి చేసిన రోజు. ఆనాడు విశాఖ రామకృష్ణా బీచిలోని విజయ స్మారకము వద్ద పుష్పాంజలి ఘటింతురు. బ్యూగిలుపై తుది వందనము మ్రోగును. నౌకాదళ దినోత్సవములలో భాగముగ అదే తీరమున విన్యాసములు ప్రదర్శించి, చివర సాయంసంధ్యలో బ్యాండు వాయింతురు.

అట్టి సాయంకాలపు సభకు పోయినవారు బ్యాండుతోపాటు పతాక స్తంభము వద్ద త్రాడు పట్టుకొని నిలిచిన నావికుని కూడ గమనింపవలెను. బ్యూగిలు మొదలైనపుడు అతని చేయి కదలును. పతాకము త్వరగ దిగరాదు, ఆలస్యముగ దిగరాదు. చివరి స్వరము ఆగునప్పటికి అది అతని చేతికి అందవలెను. అతడు పతాకము వైపు చూచుచుండును గాని, చేయి నడచునది చెవిని బట్టి.